నూటపదహారులో ఎవరున్నారు

మిషన్లని కృపావతి "మీరు" అనే పిలిచేది. పొద్దున్నే ఆఫీసు తలుపు తీసి, బల్ల తుడిచి, కంప్యూటరు మీట నొక్కుతూ "ఇహ లేవండి మరి, తెల్లారింది" అనేది. ప్రింటరు కాయితం మింగేస్తే "ఏవండీ, రాత్రి ఏవీ తినలేదా?" అంటూ దాని నోట్లోంచి నలిగిన కాయితాన్ని నెమ్మదిగా లాగేది. ఆఫీసు యజమాని విజయకుమార్‌గారు వినీ వినీ, "నన్నయితే కసురుతారు కృపావతిగారూ, మిషన్లకి మాత్రం మర్యాదలూ!" అనేవాడు.

"మీరు చెప్తే వింటారు కదండి. ఆటిని బతిమాలుకోవాలి" అనేది ఆవిడ తలెత్తకుండానే.

ఆవిడది రాజోలు అవతల ఒక లంక ఊరు. తల్లి వరి కోతలకి వెళ్ళేది, తండ్రి చర్చి బడిలో మేష్టరు. ఆవిడ టైపు హయ్యరు పాసై, అమలాపురంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చాలాకాలం నేర్పింది. పిల్లలకి వీపు తిప్పి కిటికీ దగ్గర నించుని, "మూడో మిషనమ్మాయీ, చిటికెనవేలు బద్ధకిస్తోంది" అనేది. చప్పుడు వినే చెప్పేది. తొంభైల చివరికి కంప్యూటర్లొచ్చి ఆ ఇన్‌స్టిట్యూట్‌ మూతపడింది. టైపు మిషన్లని పాత ఇనుము వాడు రిక్షాలో వేసుకుపోతుంటే ఆవిడ వీధి మలుపుదాకా వెనకాలే నడిచి వెళ్ళిందని చెప్తారు. ఆ తరవాత అదే ఊళ్ళో విజయకుమార్‌గారి ట్రావెల్స్‌లో చేరింది. "టైపు వచ్చు కదమ్మా, ఇదీ టైపే" అన్నాడాయన. అది అబద్ధమని మొదటి వారంలోనే తెలిసింది గానీ ఆవిడ వదల్లేదు. హైదరాబాదు ఇంజనీర్లతో ఫోన్లో అడిగి అడిగి, విని విని, కంప్యూటర్ల పని చెవితో నేర్చుకుంది.

ఆ ఆఫీసు గల్ఫ్ వెళ్ళే వాళ్ళకి టిక్కెట్లు, మెడికల్ పరీక్షలు, పాస్‌పోర్టు దరఖాస్తులు చూసేది. మేడ మీద విజయకుమార్‌గారి కాపురం. ఆయన కొడుకు మస్కట్‌లో ఆయిల్ కంపెనీ ఉద్యోగి, కోడలు యామిని పైన అత్తమామలతో ఉండేది. ఆ అమ్మాయి కంప్యూటరులో మొగుడితో మాట్లాడుకోడానికని ఆఫీసు నెట్‌నే ఒక బూడిదరంగు తీగతో కిటికీలోంచి మేడమీదకి లాగించారు. మొదట్లో బాగానే ఉండేది, తరవాత తరవాత ఒకరోజు మాట కలిసేది, ఒకరోజు కలిసేది కాదు. "మన నెట్ అంతేనమ్మా, గోదారి దాటించే పంటులాంటిది. ఎక్కేవరకూ నమ్మకం లేదు" అనేవాడు మావగారు.

రెండువేల ఏడు వేసవిలో ఆఫీసుకి కొత్త మిషను వచ్చింది. కొత్తంటే ఆఫీసుకి కొత్త. హైదరాబాదులో ఎవరో వాడి తీసేసింది, సగం బీరువా అంత. జెరాక్సు తీస్తుంది, అద్దం మీద పెట్టిన కాయితాన్ని బొమ్మగా చేసి కంప్యూటరుకి పంపిస్తుంది కూడా. చిన్న స్కానర్లకైతే నేరుగా కంప్యూటరుకి ఒక తోక తగిలించేస్తే సరిపోతుంది. దీనికి తోక లేదు. నెట్‌వర్కు తీగ ఒక్కటే దారి. ఆఫీసులో కంప్యూటర్ల తీగలన్నీ గోడ మీద ఒక చిన్న పెట్టెలో కలుస్తాయి, దీని తీగా అందులోకే. అంతమందిలో దీన్ని గుర్తుపట్టాలంటే దీనికొక చిరునామా పెట్టాలి.

"నాలుగు అంకెలుంటాయి మేడమ్, మధ్యలో చుక్కలు" అని ఫోన్లో చెప్పాడు హైదరాబాదు ఇంజనీరు. "మొదటి మూడూ మీ వీధి పేరనుకోండి, అందరికీ ఒకటే. నాలుగోది ఇంటి నంబరు. వంద దాటాక, రెండొందల యాభై లోపు మీ ఇష్టమొచ్చింది పెట్టుకోండి."

వంద దాటాక ఇష్టమొచ్చిన అంకె అంటే మన వైపు ఎవరి వేలైనా ఎటు పోతుంది? పెళ్ళి చదివింపులైనా, పంతులుగారి తాంబూలమైనా, పాస్టరుగారి చేతిలో పెట్టే కవరైనా నూటపదహార్లే. సున్నాతో ముగిసేలా ఎవరూ ఇవ్వరు. సున్నా అంటే అక్కడితో సరి అన్నట్టు. కృపావతి ఇంట్లో మూడు తరాలుగా ముహూర్తాలూ వర్జ్యాలూ లేవు గానీ నూటపదహారు మాత్రం ఉంది. మిషను ముందు కొబ్బరికాయ కొట్టి విజయకుమార్‌గారు "శుభమా అని కొత్త మిషను, నూటపదహారు పెట్టండమ్మా" అనేసరికే ఆవిడ వేలు ఒకటి మీద ఉంది.

మిషను పలికింది. అప్పట్నించీ బాగానే పనిచేసింది. ఎప్పుడైనా ఒకసారి అలిగేది. ఆపి మళ్ళీ వేస్తే సర్దుకునేది. "పెద్దవారు కదండీ, కాస్త చిరాకుంటుంది" అని కృపావతి దాన్ని వెనకేసుకొచ్చేది.

ఆ గురువారం మధ్యాహ్నం మాత్రం దాని అలక తీరలేదు.

ఆ రోజు పొద్దున్నే ఉప్పలగుప్తం నుంచి చిన్నమ్మలు వచ్చింది. రొయ్యల చెరువుల మీద పనిచేసే మనిషి, పాదాల పగుళ్ళలో ఇంకా ఆ నల్లమట్టి ఉంది. ఆమె తల్లి ముత్యాలు దుబాయ్‌లో ఒకరింట పనికి వెళ్ళి, కొట్టడం భరించలేక బయటపడింది. పాస్‌పోర్టు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఏడాది పైగా ఎవరెవరి గదుల్లోనో తలదాచుకుంది. ఈలోగా అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. గడువులోపల మన దేశపు కార్యాలయానికి వెళ్ళి, నేను ఫలానా అని రుజువు చూపిస్తే తిరుగు కాయితం ఇస్తారు, జైలు లేకుండా ఇంటికి పోవచ్చు. ఆ రుజువులు తీసుకునే కిటికీకి ఆ గురువారమే ఆఖరు. మన గడియారంలో మూడున్నరకి మూసేస్తారు. తరవాత దొరికిన వాళ్ళు జైలుకే.

ముత్యాలు రుజువంతా ఒక కాయితం ముక్క. దుబాయ్ వెళ్ళేముందు, ఆమె పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీకి తీసిన రంగుల నకలు. చిన్నమ్మలు దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. పొద్దున ఆఫీసువాళ్ళు అది ఫ్యాక్సు చేశారు. అక్కడ రాజోలు కుర్రాడు కుమారస్వామి, కారు డ్రైవరు, సెలవు పెట్టుకుని ఇలాంటి వాళ్ళ పనులు చూస్తున్నాడు. అతను కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు, తిప్పి పంపేశారు.

"ముఖం మసిగుడ్డలా ఉందంటున్నారండి" అన్నాడు ఫోన్లో. "కళ్ళూ ముక్కూ కనబడాలంట. నేను పక్కనే నెట్ షాపులో కూచున్నానండి. స్కాన్ చేసి మెయిల్లో పంపేయండి, ఇక్కడ ప్రింటు తీసి పరిగెడతాను. ముత్యాలత్త లైన్లోనే నించుంది. లైన్లోంచి కదిలితే మళ్ళీ రానివ్వరు."

కృపావతి కాయితం అద్దం మీద పెట్టబోతుంటే కరెంటు పోయింది. తీగలమీద వాలిన కొబ్బరి మట్టలు కొట్టడానికి ఊరంతా సరఫరా ఆపేశారు, సాయంత్రం దాకా రాదు. బజార్లో నెట్ సెంటర్లన్నీ షట్టర్లు సగానికి దించి విసనకర్రలతో కూచున్నాయి. ఆ చుట్టుపక్కల జనరేటరున్నది ఈ ఆఫీసుకే. వెనక సందులో అది నాలుగు దగ్గులు దగ్గి అందుకుంది. లైట్లు వెలిగాయి. పెద్ద మిషను గుర్రుమని వేడెక్కింది.

కృపావతి కాయితం పెట్టి, మూత దించి, తన కంప్యూటరు దగ్గరికొచ్చి స్కాన్ నొక్కింది. తెరమీద ఇసుకగడియారం తిరిగింది, తిరిగింది. మిషను దొరకడం లేదు అని వచ్చింది.

"ఏవైందండీ?" అన్నాడు విజయకుమార్.

"అలిగేరు" అంది కృపావతి. ఆపి వేసింది. మళ్ళీ వేడెక్కేదాకా నించుంది. నొక్కింది. దొరకడం లేదు. ఈసారి కంప్యూటరునీ ఆపి వేసింది. అదే మాట.

విజయకుమార్‌గారు తన సెల్‌ఫోనుతో కాయితాన్ని ఫొటో తీశాడు. అక్షరాలు చీమల బారుల్లా వచ్చాయి, ముఖం పొద్దున ఫ్యాక్సుకన్నా ఘోరం. "పోనీ మోటారు సైకిలు మీద రావులపాలెం వెళ్ళి..." అని తనే ఆగిపోయాడు. వెళ్ళి చేరేసరికే మూడున్నర.

చిన్నమ్మలు గోడవారన నించునే ఉంది. కుర్చీ చూపిస్తే కూచోలేదు. "అమ్మగోరూ, మాయమ్మ కాయితం అందులో ఇరుక్కుపోయిందాండి?"

"లేదు తల్లీ, కాయితం భద్రంగా ఉంది. ఈయనే పలకట్లేదు."

"పలక్కపోతే రెండు తగిలించండి" అన్నాడు విజయకుమార్.

"మీరుండండి సార్. నన్ను విననివ్వండి."

హైదరాబాదు ఇంజనీరు ఫోను ఎత్తలేదు. ఆవిడ కంప్యూటర్లో నల్లతెర తెరిచింది. అందులో ఒక నంబరు కొట్టి పింగ్ అంటే, ఆ నంబరున్న మిషన్ని గుమ్మంలో నించుని కేకేసినట్టు. ఉంటే పలుకుతుంది, లేకపోతే నిశ్శబ్దం. నూటపదహారుని పిలిచింది.

పలికింది. ఒక వరస, ఇంకో వరస, ఇంకో వరస. చకచకా పలుకుతోంది.

"ఉన్నారు!" అంది కృపావతి. "పిలిస్తే పలుకుతున్నారు. పని చెప్తే మాత్రం వినట్లేదు."

"మా ఇంట్లో అందరూ అంతే" అన్నాడు విజయకుమార్. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

పలుకుతోంది కాబట్టి చిరునామా సరిగానే ఉంది, తీగా బాగానే ఉంది. అందుకని ఆవిడ లోపం ఇంకెక్కడో వెతికింది. స్కానింగు ప్రోగ్రాము తీసేసి మళ్ళీ ఎక్కించింది. అది ఎక్కుతున్నంతసేపూ తెరమీద నీలం గీత నత్తలా పాకుతుంటే విజయకుమార్ చేతి గడియారం చూసుకోడం, చిన్నమ్మలు ఆయన ముఖం చూడడం. ఎక్కింది. నొక్కింది. దొరకడం లేదు.

ఫోను మోగింది. కుమారస్వామి. "ఏవండీ, అత్త ముందు ఇంకో పదిమందే ఉన్నారండి."

"వస్తోందయ్యా, వస్తోంది" అన్నాడు విజయకుమార్. ఫోను పెట్టేసి, గొంతు తగ్గించి, "వస్తుందా?" అన్నాడు.

కృపావతికి చెయ్యడానికి ఇంకేం మిగల్లేదు, తీగ మార్చి చూడ్డం తప్ప. నల్లతెర మీద పిలుపు అలా నడుస్తూనే ఉంది. ఆవిడ మిషను వెనక్కి వెళ్ళి, మోకాళ్ళమీద కూచుని, తీగ కొసని క్లిక్కుమనిపించి పీకింది. తీగ చేత్తో పట్టుకునే లేచి నించుంది. తెర వైపు చూసింది.

వరసలు ఆగలేదు. తీగ తన చేతిలో ఉంది. తెరమీద నూటపదహారు చకచకా పలుకుతూనే ఉంది.

ఆవిడకి, తాళం వేసిన ఇంటి ముందు ఊరికే తలుపు కొడితే లోపలినుంచి ఎవరో "ఆయ్, వస్తన్నా" అన్నట్టయింది.

"సార్" అంది. "మిషన్లోంచి కాదండి. ఇంకెవరో పలుకుతున్నారు."

"ఎవరూ?"

"అదే. నూటపదహారులో ఎవరో ఉన్నారు. మన పిలుపు వాళ్ళింటికి పోతోంది. వాళ్ళు పలుకుతున్నారు గానీ వాళ్ళకి స్కానింగేం తెలుసు?"

అప్పుడే మిషను ముందువైపు చిన్న కిటికీలో పచ్చటి అక్షరాలు చూసింది. ఇంతసేపూ కంప్యూటరు వైపే చూస్తూ దీని ముఖం చూడనేలేదు. చిరునామా ఉండవలసిన చోట నాలుగు సున్నాలు. లేచేసరికి తన ఇంట్లో ఇంకొకరున్నారని తెలిసి, ఆ పెద్దాయన నోరెత్తకుండా నంబరు వదిలేసి వీధిలో నించున్నాడు. ఇన్నాళ్ళూ అలకనుకుంది ఇదేనన్నమాట.

గోడమీద పెట్టెలో ఏడెనిమిది తీగలు. ఏది ఎవరిదో గుర్తులు లేవు. ఆవిడ కుర్చీ ఎక్కింది. "సార్, తెర చూస్తూ ఉండండి. నేనొక్కోటీ పీకుతాను. పలకడం ఆగగానే చెప్పండి." తన కంప్యూటరు తీగ మాత్రం తెలుసు, దాన్ని వదిలి మొదటిది పీకింది.

"పలుకుతోంది."

తిరిగి పెట్టి రెండోది పీకింది.

"పలుకుతోంది."

మూడోది. నాలుగోది. వెనక సందులో జనరేటరు ఒక్క క్షణం తడబడింది, లైట్లు ఎర్రబడి మళ్ళీ తెల్లబడ్డాయి. చిన్నమ్మలు కళ్ళు మూసుకుంది.

బూడిదరంగు తీగ పీకింది.

"ఆగింది!" అని విజయకుమార్ అరవడమూ, మేడమీదనుంచి "అయ్యయ్యో!" అని ఇంకో అరుపూ ఒక్కసారే వినబడ్డాయి. చెవులకి ఇంకా హెడ్‌ఫోను ఉండగానే యామిని మెట్లమీదకి పరిగెత్తుకొచ్చింది.

"ఎవరు మావయ్యగారూ నెట్ పీకేసింది? ఇవాళొక్క రోజు శుభ్రంగా వినబడుతోంది! ఆయన చిన్నప్పటి పన్ను ఊడిన కథ సగంలో ఉంది!"

"మీ కంప్యూటరుకి నంబరెవరు పెట్టారమ్మా?" అంది కృపావతి కుర్చీమీంచే.

"నంబరేంటి? ఆ కేబుల్ బాబ్జీగారు వచ్చి ఏదో కొట్టి వెళ్ళేరు. ఏవైంది కృపగారూ, మీ ముఖమేంటలా ఉంది?"

బాబ్జీ అంటే కొబ్బరి చెట్లనే స్తంభాలుగా చేసుకుని ఊరంతా కేబుల్ టీవీ తీగలు లాగిన మనిషి. ఆ తరవాత అదే నిచ్చెనతో కంప్యూటర్ల తీగలూ మొదలెట్టాడు. విజయకుమార్ ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"ఆయ్, చెప్పండి సారూ!" వెనకాల చెట్టుమీద గాలి చప్పుడు.

"మా కోడలు కంప్యూటరుకి ఏం నంబరు పెట్టేవయ్యా?"

"నూటపదహారండి. ఆడపిల్ల కాపురం మాటలాడుకునేదండి, శుభంగా ఉంటదని."

కృపావతి నుదురు కొట్టుకుంది. తను చేసిందీ అదే, సరిగ్గా అదే. పెట్టేముందు ఒక్కసారి పిలిచి చూసి ఉంటే! పొద్దున మిషను ముందు లేచిన రోజున యామినికి మాట కలవలేదు. యామిని ముందు లేచిన రోజున మిషను అలిగింది. ఇవాళ కరెంటు పోతే మేడమీద ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద మేలుకునే ఉంది, మిషను నిద్రపోయి లేచేసరికి అదే ఇల్లు ఆక్రమించేసింది.

"ఐతే ఈ అమ్మాయి తీగ అలా పీకేసే ఉంచి, మిషనుకి మళ్ళీ నూటపదహారే కొట్టేయండి" అన్నాడు విజయకుమార్. "తొందరగా కానీండి."

కృపావతి కుర్చీ దిగి మిషను తీగ తిరిగి పెట్టి, మీటలమీద వేలు పెట్టింది. ఒకటి కొట్టింది. మళ్ళీ ఒకటి. ఆగింది.

"బాబ్జీగారూ, ఈ ఆఫీసులో ఇంకెవరికైనా ఆ నంబరు పెట్టేరా?"

"ఏవోనండి... సారుగారి గదిలో చిన్న కంప్యూటరుంది కదండీ, దానిక్కూడా పెట్టినట్టున్నానండి. లేపోతే నూటెనిమిదేమో. నేనెక్కడికెళ్ళినా ఆ రెండేనండి. మంచి అంకెలు కదండీ."

విజయకుమార్ తన గది తలుపు వైపు చూశాడు. ఆయన చిన్న కంప్యూటరు మూత తెరిచే ఉంది.

"ఇంకొక్కసారి తప్పిపోతే టైము లేదు సార్" అంది కృపావతి. "మంచి అంకె ఏదైనా సరే, అందులో ఎవరో ఒకరుంటారు. మనమంతా ఒక్క ఇంటిమీదే పడతాం."

"మరేది పెడతారు?"

ఆవిడ ఆలోచించలేదు, విన్నది. తండ్రి గొంతు, కవరులో డబ్బు పెడుతూ, సున్నాతో ఇవ్వకూడదమ్మా, ఇంకొకటి వెయ్యి. బాబ్జీ సున్నాతో పెట్టడు. సారు పెట్టనివ్వడు. తనూ పెట్టదు. అంటే అక్కడ ఎవరూ ఉండరు.

"రెండొందలు" అంది.

"ఛ! సున్నాతోనా? ఆ తల్లి బతుకు దాని మీదుంది, సున్నాతో పెడతారా?"

"అందుకేనండి పెడతా."

కంప్యూటరు దగ్గరికి పరిగెత్తి రెండొందల్ని పిలిచింది. నిశ్శబ్దం. మళ్ళీ పిలిచింది. ఎవరూ పలకలేదు. ఖాళీ ఇల్లు. జీవితంలో నిశ్శబ్దం అంత కమ్మగా ఎప్పుడూ వినలేదావిడ.

మిషను కిటికీలో రెండు, సున్నా, సున్నా కొట్టింది. కంప్యూటర్లో మిషను చిరునామా కూడా మార్చింది. మిషను ఒకసారి ఆగి లేవాలంది. ఆగింది. వేడెక్కడం మొదలెట్టింది. "లేవండి బాబూ, లేవండి. ఇది మీ సొంతిల్లు, ఎవరూ రారు" అంటూ దాని పక్కన నించుంది. యామిని కూడా హెడ్‌ఫోను మెడలో వేసుకుని గుమ్మం దగ్గరే ఉండిపోయింది. ఏం జరుగుతోందో చిన్నమ్మలే ఆమెకి చెప్పింది, రెండు ముక్కల్లో. యామిని వెళ్ళి చిన్నమ్మలు చెయ్యి పట్టుకుంది.

రెండొందలు పలికింది. కృపావతి స్కాన్ నొక్కింది.

మూత కింద తెల్లటి వెలుగు కదిలింది. తెరమీద బొమ్మ పైనించి దిగడం మొదలెట్టింది. ముందు కాయితం అంచు. తరవాత అచ్చు అక్షరాలు. జుట్టు పాపిడి. నుదురు. కళ్ళు.

"మాయమ్మ" అంది చిన్నమ్మలు.

మెయిలు వెళ్ళడానికి పట్టినంతసేపు మిగతాదేదీ పట్టలేదు. బొమ్మ బరువు, నెట్ నెమ్మది. నీలం గీత సగం దాటాక కాసేపు నిలబడిపోయింది. విజయకుమార్ పరిగెత్తి జనరేటరులో డీజిల్ పోసి వచ్చాడు, చొక్కా నిండా మరకలు. గీత కదిలింది. వెళ్ళిపోయింది.

ఫోను. "వచ్చిందండీ! చక్కగా, ముక్కుపుడకతో సహా!" కుమారస్వామి గొంతు వెనకాల ప్రింటరు చప్పుడు. ఆ చప్పుడు కృపావతి స్పష్టంగా విన్నది. "పరిగెడుతున్నానండి" అన్నాడు. లైను తెగింది.

ఆ తరవాత ఎవరికీ చెయ్యడానికి పనిలేదు. గోడ గడియారం మూడున్నర చూపించింది, దాటింది. చిన్నమ్మలు ఇప్పుడు కూచుంది, నేలమీద. విజయకుమార్ ఒకసారి ఫోను చెవి దగ్గర పెట్టుకుని పనిచేస్తోందా అని విన్నాడు. వీధిలో ఎక్కడో కొబ్బరి మట్ట నరికి పడేసిన చప్పుడైంది.

ఫోను మోగినప్పుడు ఆయన ఎత్తకుండా చిన్నమ్మలుకే ఇచ్చేశాడు. ఆమె ఎలా పట్టుకోవాలో తెలియక తలకిందులుగా పట్టుకుంది, యామిని తిప్పి పెట్టింది. స్పీకరు అవసరం లేకపోయింది. ముత్యాలు గొంతు గది అంతా వినబడింది.

"చిన్నమ్మలూ! నా కాయితం తీసేసుకున్నారే! టప్పుమని ముద్దరేసేరే!"

చిన్నమ్మలు ఆయ్ అంది. మళ్ళీ ఆయ్ అంది. అంతే.

కృపావతి లేచి మిషను మూత ఎత్తి, ఆ నకలు తీసి, రెండు చేతులతో చిన్నమ్మలుకిచ్చింది. తరవాత కుర్చీ ఎక్కి బూడిదరంగు తీగ తిరిగి పెట్టింది. "నూటపదహారు మీరే ఉంచుకోండమ్మా, సారు కంప్యూటరుదీ అదే అయితే మార్చేస్తాను" అంది యామినితో. "వెళ్ళండి, ఆ పన్ను సంగతేదో పూర్తిగా వినండి." అప్పట్నించీ మేడమీద మాట కలవని రోజు లేదు. ఆ ఆదివారం పనసపొట్టు కూర గిన్నెతో కృపావతి ఇంటికి వెళ్ళింది యామిని.

ముత్యాలు వర్షాలు మొదలయ్యాక వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ తప్ప ఏమీ లేదు. ఉప్పలగుప్తం బస్సు ఎక్కేముందు కూతురితో ఆఫీసుకొచ్చి, "ఏ మిషనండీ?" అని అడిగింది. కృపావతి చూపించింది. ఆమె దాని చుట్టూ తిరిగి చూసింది, మూతమీద అరచెయ్యి వేసింది.

"అయితే ఇందులోంచే పంపేరా ఆ ఫొటో?" అంది. "అందులో నాకు మెల్లకన్ను పడిందండి. ఆ కిటికీకాడ అబ్బాయి నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసేడు. ఇంతకన్నా మంచిది దొరకలేదాండి?"

విజయకుమార్‌గారికి సున్నా విషయం చాలాకాలం మింగుడు పడలేదు. తరవాత ఆఫీసుకి ఏ మిషనొచ్చినా ఆయన కొబ్బరికాయ కొట్టేవాడు, కృపావతి నంబరు పెట్టేది. పెట్టేముందు నల్లతెర తెరిచి ఆ నంబరుని పిలిచేది. చెవొగ్గి కూచునేది. బాబ్జీ ఎప్పుడైనా ఆ పక్కకి వచ్చి, "ఇంకా ఎంతసేపండీ, కొట్టేయండి" అంటే వేలు అడ్డం పెట్టేది.

"ఉండండి" అనేది. "లోపల ఎవరున్నారో ఏమో, విననివ్వండి."